డబ్బా మూత మీద తోట

ఈ పొద్దు నాకు వీక్లీ ఆఫ్.
వేలూరు బస్సు నేను లేకుండానే పోయుంటుంది.
లేచినా కాళ్ళు మాత్రం ఇంకా
గుడిపాల మలుపులో మాదిరి ఊగతా ఉండాయి.

కాఫీ గ్లాసు పట్టుకుని మిద్దె ఎక్కినా.
రెండు పెయింటు డబ్బాలు, మూతి పగిలిన బిందె,
డిపోలో పారేసిన బ్యాటరీ పెట్టె,
సగానికి కోసిన నీలం డ్రమ్ము.
ఇదీ నా ఎస్టేటు.
డ్రమ్ములో వంగ, బిందెలో కనకాంబరం.
బ్యాటరీ పెట్టెలో ఏం వేసినా రాదు,
అయినా వేస్తా ఉంటా.

విత్తనాలు దాచేది బిస్కెట్ల డబ్బాలో.
ఎవరో బస్సులో మర్చిపోయిన డబ్బా.
ఆరు నెల్లు డిపో బీరువాలో కాచుకుని, ఎవరూ రాకపోతే
"తీసకపోమ్మా" అన్నాడు కంట్రోలర్ చెంగల్రాయుడు.
లోపల బిస్కెట్లు లేవు. మూత మీద మాత్రం
ఇంగ్లండు ఉండాది.

రాతి ఇల్లు. తలుపు చుట్టూ గులాబీలు,
పిలవని చుట్టాల మాదిరి కిటికీ దాకా ఎక్కినాయి.
మనిషెత్తు పూలు. ఊదారంగు పొదలు,
లావెండరంట, సబ్బులో తప్ప నేను చూళ్ళేదు.
తెల్ల కొయ్యగేటు, సగం తెరిచి.
ఒక్క మనిషి లేడు.
ఒక్క బకెట్టూ లేదు.

అదే నాకు అర్థం కాదు.
నీళ్ళెవరు పోస్తారు? ఎరువు యాడిది?
పదకొండేళ్ళుగా సీట్లు లెక్కపెట్టే కన్ను గదా,
ఖాళీ తోటను చూస్తే
అందరూ ముందు స్టాపులో దిగిపోయినట్టుంటుంది.

"ఆడ ఆకాశమే పోస్తుంది మే"
అంటాడు పక్క మిద్దె దొరసామి, ఎండుమిరపకాయలు తిరగేస్తా.
ఆయన ఇంగ్లండు చూళ్ళేదు, పేరులోనే దొర.
మా పేటా అంతే. గ్రీమ్స్‌పేట.
ఎవరో తెల్లదొర పేరంటారు.
ఆ దొర తోట యాడుండిందో,
మా సందులోనో, ఆటో స్టాండు కిందనో,
సాయంత్రం కుర్చీ వేసుకుని
పూయని గులాబీని తిట్టుకున్నాడో ఏమో.
ఆయనకి మూత అక్కర్లేదు,
కళ్ళు మూస్తే చాలు.

పది గంటలకి మిద్దె కాల్తుంది.
చెప్పులేసుకుని వంగ దగ్గర కూర్చున్నా.
పిండినల్లి పట్టింది.
వేపనూనె, సబ్బునీళ్ళు, పాత టూత్‌బ్రష్షు.
ఒక్కో ఆకు ఎత్తి, కింద చూసి,
టికెట్ లేని పురుగునల్లా దించేసినా.
రైట్ రైట్ అనే పన్లేదు.
ఈ ఆకు నుంచి ఆ ఆకుకి
ఎంతసేపైనా పోవచ్చు.

పోయిన కార్తీకంలో ఆ ఊదాపూల గింజలు తెప్పించినా.
నూట నలభై రూపాయలు, ఇరవై గింజలు.
"చల్లని చోట ఉంచండి" అని రాసినారు.
చిత్తూర్లో!
ఫ్రిజ్జులో దోసెపిండి పక్కన
తడిగుడ్డలో రెండు వారాలు పడుకోబెట్టినా.
రెండు మొలకలొచ్చి, ఎదురుగా ఎండను చూసి,
అట్లే తల వంచేసినాయి.
ఆ మన్నులోనే ఇప్పుడు
నేను వేయని టమోటా ఒకటి లేచింది,
ఫుట్‌బోర్డు ఎక్కినోడి మాదిరి నవ్వతా.
దించడానికి మనసు రాలేదు.

సంగటి, ఊరిబిండి తిని
నీళ్ళ ట్యాంకు నీడలో చాపేసినా.
కునుకులో ఆ గేటు తోసినా.
తడి. మోచేతుల దాకా తడి.
కాళ్ళ కింద ఎవరూ మేయని గడ్డి.
మా అత్త మేకలు గుర్తొచ్చి
గబుక్కున గేటు వేసేసినా.
వాన పడతా ఉండాది, కేకల్లేకుండా,
బ్యాంకులో మనుషులు మాట్లాడుకున్నట్టు.
సంచిలో చిల్లర వెతికినా.
ఎవరికియ్యాలో తెలీలేదు.

లేచేసరికి నాలుగు. ఆకాశం తెల్లగా, ఉతికిన దుప్పటి.
చెంబుతో పోసినా, ఆగి ఆగి,
మన్ను స్స్ అనేదాకా.

గింజలు సర్ది మూత పెట్టబోతే కనపడింది,
అంచు నుంచి తుప్పు.
పోయినేడు మూలలో చుక్క.
ఇప్పుడు ఎర్రగా, సన్నగా, వేర్లేసుకుంటా
గడ్డి దాటి గేటు దాకా పోయింది.
కొంగుతో తుడవబోయి ఊరుకున్నా.
నా తడి చేతుల తుప్పే గదా.
నేను పెట్టిన వాటిల్లో
అంత దూరం పాకింది అదొక్కటే.
గేటెట్లాగూ తెరిచే ఉండాది.
వచ్చే ఏటికి
తలుపు దగ్గరుంటుంది.